నాలుగో రింగు

సిరిసిల్ల,
4 జూన్ 2025

బిడ్డా ఇందుజా,

నువ్వు బాగున్నావనే అనుకుంటున్నాను. అనుకోవడం తప్ప తెలుసుకునే దారి లేకుండా చేశావు కాబట్టి ఈ ఉత్తరం.

పోస్టాఫీసుకు పోయి కవరు అడిగితే కౌంటరులో ఉన్న కనకయ్య నన్ను కిందికీ మీదికీ చూశాడు. "ఏంది సోమలింగం, టెలిఫోన్ల ముప్పై ఆరేండ్లు లైన్‌మన్ జేసినోనివి, నువ్వొచ్చి కవర్ కొనుడేంది?" అన్నాడు. సిగ్గయింది. నాకు సిగ్గు తెచ్చిన మొదటి మనిషివి నువ్వే, ఆ మాట రాసి పెట్టుకో.

మన పద్ధతి నీకు గుర్తు చేయాలా? పొద్దున ఏడింటికి నేను ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తాను. అంటే నేను, మీ చిన్నమ్మ బాగున్నామని. నువ్వు తిరిగి ఒక్క రింగు ఇస్తావు. అంటే డ్యూటీకి పోతున్నావని. మూడు రింగులంటే చేతిలో పని పక్కన పెట్టి మాట్లాడమని. నువ్వు సూరత్ పోయిన దగ్గర్నుంచి పదకొండేళ్ళు నడిచిన పద్ధతి ఇది. ఇప్పుడు మాటలన్నీ ఉచితమే కదా బాపూ అని మా రాజ్‌కిరణ్ నవ్వుతాడు. మాట ఉచితమైనంత మాత్రాన రోజూ మాట్లాడటానికి సంగతులుంటాయా? ఒక్క రింగులో అన్నీ ఉంటాయి.

ఎనిమిది రోజులుగా నీ రింగు లేదు. పెద్దవాణ్ణి, నేను బతిమాలి ఫోన్ చేయను. ఉత్తరం వేరు.

మీ బాపును అడిగితే, "దాని ఫోన్ల ఏందో జొచ్చింది తమ్మీ, లైనక్సట" అన్నాడు. రాజ్‌కిరణ్‌ను అడిగితే అది ఆఫీసు కంప్యూటర్లకు వేసేదట, ఫోనులో రోజువారీ పనికి ఇంకా సిద్ధం కాలేదట. ఆ లైనక్స్ వాళ్ళ ఆఫీసు సూరత్‌లో ఎక్కడుందో అడ్రసు పంపు. నేనే ఒక కంప్లయింటు రాస్తాను.

చిన్నమ్మ కడుపునొప్పి అంటోంది. మాత్ర వేసుకుంది. నిన్ను అడిగింది.

మీ కాకా,
సోమలింగం


బమ్రోలి, సూరత్,
11 జూన్ 2025

కాకాకు, చిన్నమ్మకు దండాలు.

ఉత్తరం రాశావు కాబట్టి నేనూ ఉత్తరమే రాస్తున్నాను. మొండితనం మన ఇంటిదే కదా, నాకెక్కడి నుంచి వచ్చిందో వెతకనక్కర్లేదు.

నీ రింగు రానిదే నేను జవాబు ఎలా ఇస్తాను? మీ పెద్దోడు ఉదయ్‌కిరణ్ అన్న పెళ్ళిలో అందరి ముందూ నీకు ఎదురు మాట్లాడానని మానేశావని అర్థం చేసుకున్నాను. "డిగ్రీ సదివి రంగునీళ్ళల్ల చేతులు పెడుతవా" అని నువ్వంటే నేను ఊరుకోవాలా? నేను చేసేది రంగు కలపడం. పాండేసర మిల్లులో ల్యాబ్ నాది. గుడ్డ కొనే పార్టీ పంపిన ముక్క రంగు మా గుడ్డకు అచ్చంగా వచ్చేదాకా ముంచి చూసేది నేను. ఆ కోపం నీకు తగ్గినప్పుడు రింగు ఇవ్వు, నేను ఇస్తాను.

ఇక ఫోను సంగతి. మే నెల మధ్యలో నాకు జ్వరం వచ్చి సెలవు పెట్టానా, మర్నాడు మేనేజరు పిలిచి, "జ్వరం అన్నావు, నీ ఫోను మాత్రం పదకొండింటికి ఉధ్నా బజారులో తిరిగింది" అన్నాడు. ఉధ్నాలో డాక్టరు ఉన్నాడు. కానీ ఆయనకెలా తెలిసింది? హాజరు కోసం మా అందరి ఫోన్లలో వాళ్ళు వేయించిన యాప్ చెప్పింది. నేను ఎక్కడున్నానో, ఎవరి నంబర్లు ఉన్నాయో, నా ఫోటోలు, అన్నీ చూడటానికి దానికి అనుమతి ఉందట. ఎవరిచ్చారు? నేనే ఇచ్చానట, ఎప్పుడో ఒకసారి వేలు పెట్టి నొక్కి.

ఆ ఆదివారమే ఫోను మొత్తం తుడిచేసి లైనక్స్ వేయడం మొదలుపెట్టాను. రెండు ఆదివారాలు పట్టి మే నెలాఖరుకు పూర్తయింది. ఫోను పాతదే కాకా, లోపల నడిపించేదాన్ని మార్చాను. లైనక్స్‌కు ఆఫీసు లేదు, సేటు లేడు. తెలిసినవాళ్ళు రాసి అందరికీ వదిలేశారు. ఎవరైనా విప్పి చూడొచ్చు, బాగుచేయొచ్చు. బాపు మగ్గాల మాస్టరు కదా, చెడిపోయిన మగ్గాన్ని విప్పకుండా సీలు వేసి ఇస్తే బాపు ఏం చేస్తాడు? పానా విసిరేసి వస్తాడు. నేనూ అదే చేశాను.

అన్నీ పనిచేస్తాయని చెప్పను. ఫోటోలు రంగునీళ్ళలోంచి తీసినట్టు వస్తాయి. డబ్బులు కట్టే యాప్ నడవదు, కూరగాయల బండి దగ్గర నోట్లే ఇస్తున్నాను. వాట్సాప్ లేదు, దానికి చుట్టాలు నొచ్చుకున్నారు. కాల్స్ మాత్రం వస్తున్నాయి. మిల్లు వాళ్ళు చేస్తే ఎత్తుతున్నాను, బాపు చేస్తే ఎత్తుతున్నాను. నువ్వొక్కడివే చేయడం లేదు.

చిన్నమ్మను మాత్రలతో సరిపెట్టకుండా కరీంనగర్ తీసుకెళ్ళు.

ఇందుజ


సిరిసిల్ల,
18 జూన్ 2025

ఇందుజా,

బిడ్డా అని రాయలేదు, గమనించు.

నేను రింగు ఇవ్వడం లేదా? పొద్దున ఏడింటికి, చాయ్ తాగకముందు, రోజూ ఇస్తున్నాను. జ్వరం వచ్చిన రోజు కూడా ఇచ్చాను. నీ దగ్గర గంట మోగుతుంటే నా చెవికి వినిపిస్తోంది. ముప్పై ఆరేళ్ళు ఆ గంటతోనే బతికినవాణ్ణి, మోగిందో లేదో నాకు తెలియదా? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, జవాబు ఇవ్వడం ఇష్టం లేక నా రింగే రాలేదంటావా?

పెళ్ళిలో అన్న మాట నేను మర్చిపోయాను. నువ్వు కడుపులో పెట్టుకున్నావు. చిన్నమ్మ వండిన అన్నం తిని పెరిగిన కడుపులో ఇంత కోపం ఎక్కడ దాచావో.

ఒక సంగతి చెబుతాను. వరదొచ్చిన సంవత్సరం వాగు అవతల స్తంభం ఒరిగితే నడుము లోతు నీళ్ళలో పోయి ఎక్కాను. ఆ తీగకు అవతల ఒక్కటే ఫోను, ఆస్పత్రిది. దానిలో ఫోటోలు లేవు, బొమ్మలు లేవు. మోగేది. ఫోను అంటే అది. నీ లైనక్స్‌లో సేటు లేడని మురిసిపోతున్నావు. సేటు లేని చోట తప్పు జరిగితే ఎవరిని పట్టుకోవాలి?

కరీంనగర్‌లో చూపించాం. పిత్తాశయంలో రాళ్ళట. ఆపరేషన్ అన్నారు, ఈమె వద్దంటోంది. నువ్వు చెబితే వింటుంది.

సోమలింగం


బమ్రోలి,
25 జూన్ 2025

కాకా,

బాపు ఫోనులో చిన్నమ్మతో మాట్లాడాను. ఒప్పుకుంది. "నన్ను లోపలికి తీస్కపోయే ముందు నువ్వు మాట్లాడాలె, లేకుంటే నేను పోను" అంది. మాటిచ్చాను. తారీఖు తెలియగానే మన పద్ధతిలో మూడు రింగులు ఇవ్వు. ఎక్కడున్నా ఆ నిమిషమే చేస్తాను.

నీ రింగుల సంగతి. నా ఫోనులో ఎవరెవరు చేశారో, ఏ నిమిషంలో చేశారో జాబితా ఉంటుంది. మే 28 నుంచి మొత్తం చూశాను. నీ పేరు ఒక్కచోట లేదు. జాబితాకు నీ మీద పగ లేదు కాకా. నీ చెవిని నేను నమ్మాలా, నా కళ్ళను నమ్మాలా?

ఇక్కడ నా పరిస్థితి వేరుగా ఉంది. జూలై ఒకటి నుంచి హాజరు యాప్‌లోనే అని గేటు మీద కాగితం అతికించారు. యాప్ లేనివాళ్ళకు లోపలికి ప్రవేశం లేదు. గేటు దగ్గర రిజిస్టరు ఎత్తేస్తారట. మేనేజరును కలిసి, నా ఫోనులో మీ యాప్ నడవదు, రిజిస్టరులో సంతకం పెడతాను అన్నాను. "నయా ఫోన్ లే లో", కొత్త ఫోను కొనుక్కో అని తల ఎత్తకుండా అన్నాడు. మిల్లుకు కావాలంటే మిల్లే ఫోను కొని గేటుకు కట్టుకోవాలి. నా జేబులో ఉన్నది నాది.

ఉద్యోగం పోతుందని భయంగానే ఉంది. బాపు పనిచేసే ఉధ్నా షెడ్డులో పాత మగ్గాలు పాత ఇనుముకు తూకం వేస్తున్నారు. ఇల్లు నా మీదే నడుస్తోంది. రంగు కలపడం తప్ప ఇంకో పని చేయాలని నాకు లేదు కూడా. భయంగా ఉందని చెప్పి తలవంచితే ఆ భయం తగ్గుతుందా? తగ్గదు. అందుకే ఒకటో తారీఖు మామూలుగానే పోతాను, నా ఫోనుతోనే.

ఇందుజ


కరీంనగర్,
5 జూలై 2025

ఇందుజకు,

చిన్నమ్మకు మూడో తారీఖు మధ్యాహ్నం ఆపరేషన్ అయింది. పొద్దున నొప్పి ఎక్కువై అనుకోకుండా పెట్టారు. ఇప్పుడు బాగుంది.

రెండింటికి నీకు మూడు రింగులు ఇచ్చాను. పావుగంట ఆగి మళ్ళీ మూడు ఇచ్చాను. నా చెవితో విన్నాను, మోగింది. మీ బాపుకు చేశాను, మగ్గాల చప్పుడులో ఆయనకు వినిపించదు, అది తెలిసిందే. స్ట్రెచరు మీద ఉండి ఈమె నా చెయ్యి పట్టుకుని, "ఇందు చేసిందా? ఇందు చేసిందా?" అని అడుగుతోంది. చేస్తుంది చేస్తుంది అన్నాను. నర్సు వచ్చి తీసుకుపోయింది.

సాయంత్రం మీ బాపు ఫోను నుంచి చేశావు. రాజ్‌కిరణ్‌కు ఇచ్చాను. నాకు మాట్లాడబుద్ధి కాలేదు.

మీ బాపు చెప్పాడు, నువ్వు ఆ రోజంతా మిల్లు గేటు బయట కూర్చున్నావట. పని లేదు, చేతులు ఖాళీ, ఫోను ఒళ్ళోనే ఉంది. అయినా చేయలేదు. దీనికి ఏ జాబితా చూపిస్తావో చూపించు.

మిల్లు మీద కోపానికి మా ఫోను పీకేశావు. నీ పౌరుషం నీకుంటే చాలు.

సోమలింగం


బమ్రోలి,
14 జూలై 2025

కాకా,

ఈ ఉత్తరం చించేయకు. చివరిదాకా చదివి తర్వాత నీ ఇష్టం.

నిజమే, ఫోను నా ఒళ్ళోనే ఉంది. మూడో తారీఖు రెండింటికి నేను ఆ ఫోనునే చూస్తూ కూర్చున్నాను. చిన్నమ్మకు తారీఖు ఎప్పుడు ఇస్తారో అనే చూస్తున్నాను. అది మోగలేదు. వెలగలేదు. సాయంత్రం బాపు చెప్పాక జాబితా చూస్తే నీ పేరు లేదు. నీ మీద ఒట్టు, ముందు నువ్వు అబద్ధం చెప్పావనే అనుకున్నాను. నీ ఉత్తరంలో "ఇందు చేసిందా" అన్న మాట చదివాక అలా అనుకోలేకపోయాను. ఆ మాట నువ్వు కల్పించలేవు. కవరు పట్టుకుని చాలాసేపు ఏడ్చాను.

తర్వాత ల్యాబ్‌లో చేసినట్టే చేశాను. ఆ సాయంత్రమే బాపును కిందికి చాయ్ బండి దగ్గరికి పంపి, అక్కడి నుంచి రింగులు ఇమ్మన్నాను. నేను పైన నోటుబుక్కు పట్టుకుని కూర్చున్నాను. ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తే ఏమీ లేదు. రెండిస్తే ఏమీ లేదు. మూడిస్తే ఏమీ లేదు. పెట్టేయకుండా మోగించమంటే ఇరవైసార్లలో పదిహేడుసార్లు నాలుగో రింగుకు మోగింది, మూడుసార్లు అయిదోదానికి. ఒక్కసారి కూడా మూడు లోపల లేవలేదు.

ఫోనులో సిమ్‌ను చూసుకునే భాగం ఒకటి, గంట కొట్టి పేరు రాసుకునే భాగం ఇంకొకటి. ఛార్జింగు మిగలాలని వాడనప్పుడు రెండోది నిద్రపోతుంది. నీ పిలుపు వస్తే మొదటిది అందుకుని దాన్ని లేపుతుంది. అది లేచి తలుపు తీసేసరికి నువ్వు వెళ్ళిపోయావు. వచ్చిందెవరో అడగలేదు, రాసుకోలేదు, మళ్ళీ పడుకుంది. మిల్లు వాళ్ళు ఎత్తేదాకా మోగిస్తారు, బాపూ అంతే, అందుకే వాళ్ళ కాల్స్ వచ్చాయి. లోకంలో నాకు మూడు రింగుల లోపల పెట్టేసేది నువ్వు ఒక్కడివే.

అంటే నువ్వు రోజూ ఇచ్చావు. నలభై రోజులు ఇచ్చావు. నేను నీకు కోపం అని రాశాను. తప్పయింది కాకా.

ఇది రోజువారీ పనికి సిద్ధం కాలేదని రాజ్‌కిరణ్ అన్నయ్య అన్నాడుగా. నిజమే, సిద్ధం కాలేదు. ఈ మాట రాయడానికి నాకు సిగ్గు లేదు. చిన్నమ్మకు ఇచ్చిన మాట పోగొట్టిన ఫోనును సిద్ధంగా ఉందని ఎలా అంటాను? కానీ దాన్ని మార్చమంటే మార్చను. కోపంతో అనడం లేదు. మా డైయింగ్ మాస్టరు గుజరాతీ ముసలాయన, నేను ముంచిన గుడ్డముక్కను కిటికీ వెలుగులో పట్టుకుని రంగు కుదరకపోతే ఒక్కటే మాట అంటాడు, "ఫరీథీ." మళ్ళీ చెయ్యమని. ఒక నీలం రంగుకు పదకొండుసార్లు అనిపించుకున్నాను. కుదరలేదని రంగునే మానేయమని ఆయన ఎప్పుడూ అనలేదు.

నా నోటుబుక్కులో రాసుకున్నదంతా లైనక్స్ ఫోనులకు రాసేవాళ్ళకు పంపాను. తప్పు జరిగితే ఎవరిని పట్టుకోవాలి అని అడిగావు కదా. పట్టుకున్నాను. ఎవరో ఒకాయన, ఏ దేశమో కూడా తెలియదు, రెండో రోజే జవాబిచ్చాడు. తెలిసిన లోపమేనట, కానీ ఇన్నిసార్లు లెక్కపెట్టి ఎవరూ చెప్పలేదట. దిద్దినదాన్ని పంపాడు. వేసి చూస్తే ఇప్పుడు మూడో రింగుకు లేస్తోంది. ఒకటికి ఇంకా లేవదు. "ఫరీథీ" అని రాశాను, అర్థం కూడా రాశాను. అప్పటిదాకా దాన్ని అసలు నిద్రపోకుండా పెట్టాను. మధ్యాహ్నానికి ఛార్జింగు అయిపోతుంది. ల్యాబ్‌లో నా బల్ల దగ్గర తీగ పెట్టి ఉంచాను.

ల్యాబ్ అన్నానని ఆశ్చర్యపోకు. పనిలోనే ఉన్నాను. ఒకటో తారీఖు గేటు దగ్గర వాచ్‌మన్ వినోద్ చెయ్యి అడ్డం పెట్టి, "దీదీ, మేరీ నౌకరీ జాయేగీ" అన్నాడు. నీ ఉద్యోగం పోనివ్వనులే అని ఎదురుగా ఫుట్‌పాత్ మీద కూర్చున్నాను, ల్యాబ్ కోటు వేసుకునే. వాన. నిండా మునిగినవాళ్ళకు చలేమిటని లేవలేదు. రెండో రోజు గుడ్డ మడతపెట్టే ఫోల్డింగులో చేసే మరాఠీ ఆడవాళ్ళు నలుగురు వచ్చి పక్కన కూర్చున్నారు. వాళ్ళకు సొంత ఫోనులే లేవు, మొగుళ్ళ ఫోనులో హాజరు వేయించుకోమన్నారట. మొగుడు వేయకపోతే ఆ రోజు కూలి లేదన్నమాట. నేను నా ఒక్కదాని పౌరుషం అనుకున్నాను కాకా, కాదు.

నాలుగో రోజు పొద్దున మాస్టరు లోపలి నుంచి పాత రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చాడు. నా చోట కూర్చోబెట్టినవాడు మూడు రోజుల్లో ముంచిన ఒక్క రంగూ పార్టీ ఒప్పుకోలేదట. రిజిస్టరును వినోద్ బల్ల మీద పెట్టి, పెన్ను కూడా పెట్టి వెళ్ళిపోయాడు. అయిదుగురం సంతకాలు పెట్టి లోపలికి పోయాం. మేనేజరు ఈ నెలకే అంటున్నాడు. వచ్చే నెల సంగతి వచ్చే నెల. ఫుట్‌పాత్ ఎక్కడికీ పోదు.

చిన్నమ్మకు ఈ ఉత్తరం చదివి వినిపించు. తను నన్ను అడుగుతూనే లోపలికి పోయిందన్నది నాకు ఎప్పటికీ పోదు. ఆగస్టులో వస్తాను. తిట్టమను.

ఇందుజ


సిరిసిల్ల,
22 జూలై 2025

బిడ్డా ఇందుజా,

చిన్నమ్మ లేచి తిరుగుతోంది. పప్పు తినొద్దన్నారని డాక్టరును తిడుతోంది. నీ ఉత్తరం నేను చదవలేదు, ఈమె కళ్ళజోడు పెట్టుకుని తానే నాకు చదివింది.

నాలుగో రింగు దగ్గరికి వచ్చేసరికి నేను కుర్చీలోంచి లేచి బయటికి పోయాను. మన చెవికి వినిపించే గంట అవతలి ఇంట్లో గంట కాదు బిడ్డా. ఎక్స్ఛేంజి మనకు వేరేగా వినిపించేది అది. ట్రైనింగులో మొదటి వారం నేర్పారు. ముప్పై ఆరేళ్ళు కంప్లయింటు కౌంటరుకు వచ్చినవాళ్ళకు నేనే చెప్పాను, "మీకు ఇనబడ్డంత మాత్రాన ఆడ మోగినట్టు కాదు, జర ఆడి పెట్టె చూడనియ్యుండ్రి" అని. ఊరందరికీ చెప్పిన మాట నా ఇంటి పిల్ల దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయాను. నా చెవిని నమ్మాను, నిన్ను నమ్మలేదు. నీ ఫోనుది లోపమే. దానికి పుట్టి ఎన్నాళ్ళయింది? నా సర్వీసు ముప్పై ఆరేళ్ళు.

లోపలికి వస్తే చిన్నమ్మ కాగితం మడుస్తూ అంది, "పిల్ల వానల మూడొద్దులు గేటు ముంగట కూసున్నది. నువ్వు దాని కోసం మూడు రింగుల మీద ఒక్కటి ఆగలేకపోతివి." నిజమే. ఆస్పత్రిలో ఆ రోజు కూడా మూడు కాగానే నా వేలు దానంతటదే పెట్టేసింది. ఇంకొక్కటి ఆగి ఉంటే ఈమె నీ మాట విని పోయేది. ఇందులో సగం నీ ఫోనుదైతే సగం నా వేలిది. నువ్వు ఒక్కదానివే మోయకు.

మిల్లు సంగతి. రాజ్‌కిరణ్ అంటాడు, ఇందుజకు చెప్పు బాపూ, అందరూ వేసుకుంటున్నారు కదా అని. అందరూ వేసుకుంటే వేసుకోనీ. రిజిస్టరు మళ్ళీ ఎత్తేస్తే నాకు చెప్పు, రైలెక్కి వస్తాను. ఆ ఫుట్‌పాత్ మీద ఆరో మనిషిని నేను. ఆ రిజిస్టరులో నీ సంతకం తెలుగులో పెట్టు, చదవలేక మేనేజరు చావనీ. నా దగ్గర ఉదయ్‌కిరణ్ పారేసిన పాత ఫోను ఒకటి ఉంది. ఆగస్టులో వచ్చినప్పుడు దానికీ నీ లైనక్స్ వెయ్యి. ఆ పేరు తెలియని మనిషికి ఒక నోటుబుక్కు చాలదు, రెండోది నేను రాస్తాను. రింగులు లెక్కపెట్టడం నాకొకరు నేర్పాలా?

ఈ ఉత్తరం నీకు అందేసరికి మనం ఫోనులో మాట్లాడుకునే ఉంటాం. అయినా రాస్తున్నాను, తప్పు నాదని నోటితో చెప్పడం నా వల్ల కాదు.

రేపు ఏడింటికి చేస్తాను. పెట్టేయను. దానంతటదే కట్ అయితే మళ్ళీ చేస్తాను. నీ ఫోనును తాపీగా లేవమను.

మీ కాకా,
సోమలింగం